దామోదర లీల – తల్లిదండ్రుల కర్తవ్యము

శ్రీమద్భాగవతము దశమ స్కంధమున తొమ్మిదవ అధ్యాయమునందు దామోదర లీల వర్ణింపబడినది. దామము అనగా త్రాడు. ఉదరము అనగా పొట్ట. త్రాటిచే కట్టబడిన పొట్ట గలవాడు కావున స్వామికి దామోదరుడను నామము కలిగినది. కేశవాది ద్వాదశ నామములలో ఇది కడపటిది. ఆచమన సమయమునను, ద్వాదశోర్ధ్వపుండ్రములు ధరించునపుడును ఈ నామమును ప్రతిదినము ఉచ్చరించు గృహస్థులు పెక్కురు కలరు. అయినను ఆ ఒక్క నామములో ఒక తల్లి పడిన శ్రమయు, ఒక బిడ్డ చూపిన దయయు ఇమిడియున్నవని తలచువారు కొందరే.

ఒకనాడు దాసీజనము ఇతర కార్యములలో నుండగా యశోదాదేవి స్వయముగా పెరుగు చిలుకుచు, కుమారుని చేష్టలను పాటలుగా పాడుకొనుచుండెను. బాలకృష్ణుడు ఆకలిగొని వచ్చి కవ్వమును పట్టుకొనెను. తల్లి చిలుకుట మాని బిడ్డను ఒడిలోనికి తీసికొని, పాలిచ్చుచు, నవ్వుచున్న ఆ ముఖమును చూచుచుండెను. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగసాగెను. బిడ్డ కడుపు నిండకమునుపే ఆమె అతనిని దింపి వడివడిగా పోయెను. బాలునికి కోపము వచ్చినది. పెదవి అదరుచుండగా రాతితో పెరుగు కుండను పగులగొట్టి, లోపలికి పోయి చాటుగా వెన్న తినసాగెను. తల్లి తిరిగివచ్చి, పగిలిన కుండను చూచి నవ్వుకొనెను. బోర్లించిన రోటిపై నిలిచి, కోతికి వెన్న పెట్టుచు, బెదరు చూపులు చూచుచున్న కుమారుని వెనుకనుండి సమీపించెను. ఆమె చేతి కర్రను చూచి అతడు పరుగెత్తెను. ఆమె వెంబడించి పట్టుకొనెను. కాటుక కన్నులు నలుపుకొనుచు ఏడ్చుచున్న బిడ్డ భయమును గ్రహించి, ఆ తల్లి కర్రను పారవైచెను. పిదప త్రాటితో కట్టబూనెను. త్రాడు రెండంగుళములు తక్కువయ్యెను. మరియొక త్రాడు ముడివేసెను. అదియు రెండంగుళములు తక్కువయ్యెను. ఇంటిలోని త్రాళ్ళన్నియు తెచ్చి ముడివేసినను ఆ వెలితి తీరలేదు. గోపికలు నవ్విరి, ఆమెయు ఆశ్చర్యముతో నవ్వెను. మేనెల్ల చెమర్చినది, కొప్పులోని పూలు జారినవి. తల్లి అలసటను చూచి, కనికరించి, స్వామి తనంతట తానే కట్టుబడెను.

ఈ ఘట్టమును తలచి నమ్మాళ్వారు ఆరు మాసములు మైమరచియుండిరని శ్రీవైష్ణవ సంప్రదాయము చెప్పుచున్నది. మధురకవి ఆళ్వారు తమ ఆచార్యుని కీర్తించుచు రచించిన పదునొకండు పాశురముల ప్రబంధము ఆ చిన్న త్రాటి ప్రస్తావనతోనే ఆరంభమగును. లీలలోని బాలుడు పరమాత్మ. నేటి గృహములలోని బాలురు జీవులు. ఆ భేదమును మరువరాదు. అయినను ఆ తల్లి నడిచిన తీరు ఎల్ల కాలముల తల్లిదండ్రులకును పాఠమే. సెల్‌ఫోనునకును, ఇంటర్నెట్టునకును లోబడిపోవుచున్న పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల పిల్లలను గూర్చి కలత చెందు గృహములు నేడు ఎన్నియో కలవు. అట్టి గృహములకు ఈ లీల చూపు మార్గమేదియో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పొంగుచున్న పాలు

యశోద బిడ్డను ఒడినుండి దింపుటకు కారణము నిర్లక్ష్యము కాదు. పొయ్యిమీది పాలును బిడ్డ కొరకైనవే. అట్లే నేటి తల్లిదండ్రుల ఉద్యోగము, వ్యాపారము, రాత్రి షిఫ్టులు, ఫీజుల కొరకైన అప్పులు అన్నియు పిల్లల మేలు కోరియే. ఆ పరుగులో బిడ్డను ఒడినుండి దింపుచున్నారు. దింపిన చోట ఫోను ఉన్నది. అన్నము తినని పసివానికి వీడియో చూపుచు ముద్ద పెట్టుట అనేక గృహములలో అలవాటైనది. రెండేండ్లలోపు శిశువులకు తెరను చూపనే కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటను మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. పదునైదవ యేట బయటపడు చిక్కునకు విత్తనము రెండవ యేటనే పడుట కలదు.

2016 తరువాత మన దేశమున మొబైల్ డేటా వెల విశేషముగా తగ్గినది. 2020 మార్చిలో కోవిడ్ కారణమున పాఠశాలలు మూతపడగా చదువే ఫోనులోనికి వచ్చినది. అంతవరకు ఫోను ముట్టవద్దని వారించిన తండ్రులే అప్పుచేసి ఫోను కొనియిచ్చిరి. పాఠశాలలు తిరిగి తెరచిరి; ఫోను మాత్రము పిల్లల చేతులలోనే నిలిచిపోయినది. గ్రామీణ విద్యాస్థితిని పరిశీలించు 'అసర్' నివేదిక 2024లో పదునాలుగు మొదలు పదునారేండ్ల పిల్లలను ప్రశ్నించినది. వారిలో 82 శాతము మందికి పైగా స్మార్ట్ ఫోను వాడుట తెలిసినవారు. గడచిన వారములో చదువుకై దానిని వాడినవారు 57 శాతము. సామాజిక మాధ్యమములకై వాడినవారు 76 శాతము. ఇది పట్టణముల మాట కాదు, పల్లెల మాట.

కావున బిడ్డ చేతికి ఫోను వచ్చుట బిడ్డ దోషము కాదు. తల్లిదండ్రుల పాపమును కాదు. పాలు పొంగినవి, ఒడి ఖాళీయైనది. జరిగినదానిని గుర్తించుటయే దిద్దుబాటునకు మొదటి మెట్టు.

వల పన్నిన విధము

ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను గూర్చి చెప్పెను. వారిలో మిడుత రూపమునకు మోసపోయి మంటలో పడును. లేడి గానమునకు చిక్కును. చేప రుచికి గాలమును మ్రింగును. ఏనుగు స్పర్శకై గోతిలో పడును. ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క ఇంద్రియమే చేటు తెచ్చినది. నేటి ఫోను కన్నును, చెవిని ఒకేసారి పట్టుచున్నది. అంతేకాక యౌవనారంభమున మిక్కుటముగా నుండు మెప్పుకోరికను, తోటివారిలో కలిసియుండవలెనను తహతహను, తాను లేనిచోట ఏమి జరుగుచున్నదో యను బెంగను కూడ అది పట్టుకొనుచున్నది.

ఈ వలలోని కీలకమును మనస్తత్వ శాస్త్రము ముందే కనుగొన్నది. అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు స్కిన్నర్, తన సహచరుడు ఫెర్‌స్టర్‌తో కలసి పావురములపై చేసిన పరిశోధనలను 1957లో గ్రంథముగా ప్రకటించెను. మీటను ముక్కుతో పొడిచిన ప్రతిసారియు గింజ లభించినచో పావురము తృప్తిపడి ఊరకుండును. ఎప్పుడు లభించునో, ఎప్పుడు లభింపదో తెలియనిచో అది విడువక పొడుచుచునే యుండును. గింజలు ఆగిపోయిన పిదపకూడ చాలసేపు మానదు. ఫోనులో వ్రేలితో జరుపగా జరుపగా వచ్చు చిన్న వీడియోల నడక ఇదియే. నాలుగు చప్పనివి, అయిదవది రుచియైనది. మరల ఎప్పుడు వచ్చునో తెలియదు. పుటకు తుది లేదు. పూర్వము పుస్తకమునకు కడపటి పుట, సినిమాకు కడపటి దృశ్యము ఉండెడివి; చాలునని లేచుటకు ఒక గడప ఉండెడిది. ఇందు ఆ గడపను తొలగించిరి. వాడువారు ఎంత ఎక్కువసేపు చూచినచో ఆ వ్యాపారులకు ప్రకటనలవలన అంత ఆదాయము.

మరియొక సంగతి. మెదడునందు ముందుచూపునకును, నిగ్రహమునకును ఆధారమైన ముందరి భాగము ఇరువదియైదేండ్లు సమీపించువరకు పూర్తిగా పక్వము కాదు. సుఖమును కోరు భాగము మాత్రము కౌమారముననే చురుకుగా నుండును. గుఱ్ఱము ఎదిగినది, కళ్ళెము ఇంకను అల్లబడుచునే యున్నది. అట్టి బాలుని, నిపుణులైన పెద్దలు కూడి పన్నిన వల యెదుట ఒంటరిగా నిలిపి, నీకు నిగ్రహము లేదని నిందించుట న్యాయము కాదు.

భగవద్గీత రెండవ అధ్యాయమున పరమాత్మ పతనమునకు మెట్లను ఒక్కొక్కటిగా చూపెను. విషయములను ధ్యానించుటవలన సంగము, సంగమువలన కోరిక, కోరిక అడ్డుపడగా క్రోధము, క్రోధమువలన సమ్మోహము, అందుండి స్మృతి చెదరుట, దానివలన బుద్ధి చెడుట, కడపట సర్వనాశము. ఫోను తీసికొనగానే తలుపును బలముగా వేయు బాలుని కోపమును మాత్రమే తల్లిదండ్రులు చూతురు. అది నడుమనున్న మెట్టు. అంతకు పూర్వమే కొన్ని మెట్లు చప్పుడు లేక దిగుట జరిగినది.

మనస్సు నొచ్చిన గుర్తులు

అధికముగా వాడు ప్రతి బాలుడును రోగి కాడు. పరీక్షల సెలవులలో నాలుగు దినములు ఆటలలో మునిగినంతమాత్రమున భయపడ పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగవర్గీకరణము పదునొకండవ కూర్పు 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. అందు వీడియో ఆటల వ్యసనము రుగ్మతగా చేర్చబడినది. దానికి మూడు లక్షణములు చెప్పబడినవి: ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, నష్టము కలుగుచున్నదని తెలిసియు కొనసాగించుట. ఈ స్థితి సాధారణముగా పండ్రెండు మాసములు నిలిచి, చదువును, సంసార సంబంధములను దెబ్బతీసినపుడే రుగ్మతయని నిర్ణయింతురు. ఇంటర్నెట్ వాడుకయంతయు రోగమని ఆ గ్రంథము చెప్పలేదు.

గృహమున కనిపెట్టవలసిన గుర్తులు వేరు. మొదటిది నిద్ర. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర అవసరమని నిద్రావైద్యులు చెప్పుచున్నారు. రాత్రివేళ తెర వెలుగు కంటబడినచో నిద్రను కలిగించు మెలటోనిన్ అను స్రావము ఆలస్యమగును. నిద్ర తగ్గినచో మరునాడు చిరాకు, మతిమరపు, దిగులు కలుగుట సహజము. రెండవది, ఇదివరకు ప్రీతితో చేసిన పనులపై విరక్తి: క్రికెట్ ఆడువాడు ఆడడు, పాడు పిల్ల పాడదు. మూడవది దాపరికము, నాలుగవది అందరితో కూడి భుజింపకుండుట, అయిదవది తన్ను తాను హీనముగా పలుకుట. బాలికలలో ఇతరుల చిత్రములతో పోల్చుకొని తమ రూపమును ద్వేషించుట కానవచ్చును. దినమునకు మూడు గంటలకు మించి సామాజిక మాధ్యమములలో గడుపు పిల్లలకు మానసిక క్లేశములు కలుగు అవకాశము రెట్టింపని అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి 2023లో హెచ్చరించిరి.

ఇచ్చట తల్లిదండ్రులు పొరబడు చోటు ఒకటి కలదు. ఫోనువలన దిగులు కలుగుట నిజమే. దిగులువలన ఫోనును ఆశ్రయించుటయు నిజమే. తరగతిలో ఎగతాళికి గురియైనవాడు, మార్కుల భయముతో కుమిలిపోవువాడు, ఇంటిలో తల్లిదండ్రుల కలహమును వినలేనివాడు చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని కూర్చుండును. అట్టివానికి ఫోను రోగము కాదు, రోగమునకు అతడు వేసికొన్న కట్టు. కట్టును లాగివేసినంత మాత్రమున గాయము మానదు. అడుగున ఏమి గాయమున్నదో ముందు చూడవలెను.

కర్రను పారవైచుట

ఒక గృహమును ఊహింపుడు. రాత్రి రెండు గంటలకు తండ్రి మంచినీళ్ళకై లేచినాడు. ఇంటర్మీడియట్ చదువుచున్న కుమారుని దుప్పటి క్రింద నీలివెలుగు కానవచ్చినది. మరునాడు పరీక్ష. తండ్రి చేయి ఫోనును లాగికొని నేలకు కొట్టుటకు సిద్ధమైనది. ఆ క్షణముననే అతని పితృత్వమునకు పరీక్ష.

పగిలిన కుండను చూచిన యశోద కర్ర పట్టుకొనినమాట నిజము. ఆమెకును కోపము వచ్చినది. కాని బిడ్డ భయపడుచున్నాడని గ్రహించిన వెంటనే కర్రను విడిచినది. బిడ్డను మాత్రము విడువలేదు. ఈ రెండును కలిసియుండుటయే ఆమె గొప్పదనము. కర్రతోపాటు బిడ్డనుకూడ విడిచిపెట్టి, ఈ కాలపు పిల్లలింతేయని ఊరకుండు తల్లిదండ్రులు కొందరు. బిడ్డను పట్టుకొని కర్రనుకూడ విడువనివారు మరికొందరు. ఇరువురివలనను మేలు కలుగదు.

కర్రవలన కలుగు గొప్ప నష్టము నొప్పి కాదు, దాపరికము. అపరిచితుడొకడు చిత్రములను చూపి బెదిరించుచున్నాడనియు, పందెపు ఆటలలో తండ్రి డబ్బు పోయినదనియు చెప్పుకొనలేక, ఇంటిలో తెలిసిన కొట్టుదురను భయముతో పిల్లలు లోలోపల నలిగిపోవుదురు. డబ్బు పందెముల ఆన్‌లైన్ ఆటలను మన పార్లమెంటు 2025లో చట్టముచే నిషేధించినది. పదునారేండ్లలోపు వారికి సామాజిక మాధ్యమ ఖాతాలు ఉండరాదను చట్టమును ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10నుండి అమలు చేసినది. చట్టములు కావలసినవే. కాని చెప్పుకొనుటకు ఇంటిలో ఒక మనిషి లేని లోటును ఏ చట్టమును తీర్పజాలదు.

హిరణ్యకశిపుడును ప్రహ్లాదుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, నీవు నేర్చినదేమని ముద్దుగా అడిగెను. అడుగుట మంచిదే. కాని తాను కోరిన సమాధానము రాకపోవగా ఆ ఒడినుండియే బాలుని నేలకు త్రోసెను. అతడు ప్రశ్నించిన తండ్రియే కాని విన్న తండ్రి కాడు. నేడును కొందరు తండ్రులు, ఏమి చూచుచున్నావు చెప్పుమని అడుగుదురు. బిడ్డ రెండు మాటలు చెప్పకమునుపే ఉపన్యాసము నారంభింతురు. మూడవనాటినుండి బిడ్డ ఏమియు లేదని మాత్రమే చెప్పును.

ఊహించిన ఆ గృహమున తండ్రి ఏమి చేయవలెను? ఫోనును కొట్టక, దీపము వెలిగించి, కుమారుని ప్రక్కను కూర్చుండి, “నిద్ర పట్టుటలేదా నాయనా? రేపటి పరీక్షను తలచి భయముగా నున్నదా?” అని అడుగవలెను. ఆ రాత్రికి ఫోను తన చేతికిమ్మని నెమ్మదిగా కోరవలెను. తక్కిన మాటలు మరునాటి సాయంకాలమునకు ఉంచవలెను. అర్ధరాత్రి చెప్పు నీతి ఎవరి చెవికిని ఎక్కదు. బంధువుల యెదుట, స్నేహితుల యెదుట ఈ విషయమును ఎత్తి చిన్నబుచ్చుట ఎన్నడును కూడదు.

రెండంగుళముల వెలితి

కర్రను పారవైచిన పిదప యశోద త్రాడు తెచ్చినది. ప్రేమ కట్టడిని కాదనదు. గీత ఆరవ అధ్యాయమున స్వామి మితిమీరి భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని, మితిమీరి నిద్రించువానికిని, నిద్రయే లేనివానికిని యోగము కలుగదని బోధించెను. ఫోను విషయమునను ఇదియే ధర్మము. చదువు, బ్యాంకు, టిక్కెట్లు అన్నియు ఫోనులోనికి వచ్చిన ఈ కాలమున పూర్తిగా మాన్పుట కుదరదు, మితమే మార్గము.

కాని త్రాడు ఎందుకు చాలలేదు? తాళపుసంకేతములు, కాలపరిమితిని విధించు యాప్‌లు, వై-ఫైని కట్టివేయుట, ఫోనును బీరువాలో దాచుట, హాస్టలుకు పంపుట మున్నగు త్రాళ్ళు నేటి గృహములలో ఎన్నియో కలవు. ఒకటి చాలకున్న మరియొకటి ముడివేయుచునే యున్నారు. బాలుడు స్నేహితుని ఫోనులో చూచును. పాత ఫోనును సంపాదించును. ప్రతిసారియు రెండంగుళములు తక్కువయే. ఆ రెండంగుళములలో ఒకటి భక్తుని ప్రయత్నమనియు, రెండవది భగవంతుని కృపయనియు వ్యాఖ్యాతలు కొందరు చెప్పిరి. గృహమునకు అన్వయించినచో ఒకటి తల్లిదండ్రులు తామై పడు శ్రమ. రెండవది బిడ్డ సమ్మతి. మొదటిదానిని చూచినపుడే రెండవది కలుగును. బాలకృష్ణుడు త్రాటి పొడవును చూచి కట్టుబడలేదు. తల్లి చెమటను చూచి కట్టుబడెను.

తల్లిదండ్రుల శ్రమ యనగా నేమి? ముందుగా తమ ఫోనును తాము ప్రక్కన పెట్టుట. భోజనవేళ తండ్రి వార్తలు చూచుచు, కుమారుని ఫోను విడువుమనినచో ఆ మాటకు విలువ లేదు. భక్తగృహములలో మరియొక సూక్ష్మమైన లోపము కలదు. తల్లి ఉదయమునుండి దేవతా చిత్రములను, ప్రవచనముల వీడియోలను పదిమందికి పంపుచుండును; బిడ్డ వచ్చి మాటాడబోగా తలయెత్తదు. చూచునది భక్తి విషయమైనను, బిడ్డకు కానవచ్చునది తల వంచుకొన్న తల్లియే. యశోద తన పనిలోనున్నను బిడ్డ కవ్వము పట్టుకొనగానే చిలుకుట మానినది. ఆ మానుటయే నేటి గృహములలో కరవైనది.

అట్టి శ్రమకు సిద్ధపడినవారు ఒక సాయంకాలము అందరును కూర్చుండి కొన్ని నియమములు ఏర్పరచుకొనవలెను. అవి కొద్దిగా నుండవలెను. పెద్దలకును పిల్లలకును సమానముగా నుండవలెను. బిడ్డ మాటకును వానిలో చోటుండవలెను. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటిలోని ఫోనులన్నియు నడవలో ఒకచోట ఛార్జింగునకు పెట్టి, పడకగదిలోనికి కొనిపోకుండుట మొదటి నియమము. మేలుకొలుపుటకు గడియారము చాలును. భోజనవేళ ఫోను లేకుండుట రెండవది. దీపారాధన సమయమున అరగంట ఇంటిల్లపాదియు కలిసియుండుట మూడవది. ఈ మూడును నిలిచిన పిదప తక్కినవి. ఆరు గంటలు వాడువానిని ఒక్కదినమున అరగంటకు తెచ్చుట సాధ్యము కాదు. వారమునకు కొంతగా తగ్గింపవలెను. మొదటి దినములలో చిరాకు హెచ్చుట సహజము. అంతటితో నియమమును విడువరాదు. చంచలమైన మనస్సు అభ్యాసముచేతను, వైరాగ్యముచేతను వశమగునని స్వామి అర్జునునకు చెప్పెను. అభ్యాసము ముందు చెప్పబడినదని గమనింపవలెను.

తీసికొన్న చోటును ఖాళీగా నుంచరాదు. ఆట, ఈత, సైకిలు, సంగీతము, మృదంగము, కోలాటము, తోటపని, తాతగారితో సంతకు పోవుట వంటివానిలో ఏదో ఒకటి బిడ్డ కోరినది ఆ చోట నిలుపవలెను. తల్లిదండ్రులు కోరినదియే బిడ్డయు కోరవలెనను పట్టుదల కూడదు.

వైద్యుని యొద్దకు పోవుట

కొన్ని సందర్భములలో గృహప్రయత్నము చాలదు. బిడ్డ వారములకొలది పాఠశాలకు పోనన్నను, నిద్రాహారములు తప్పినను, ఫోను తీసికొనగా తన్ను తాను గాయపరచుకొన్నను, బ్రతికి లాభమేమియని ఒక్కసారి పలికినను జాగు చేయరాదు. అది బెదిరింపని తలచి త్రోసివేయుట ప్రమాదకరము. అట్టి సమయమున బిడ్డను ఒంటరిగా విడువక, వెంటనే మానసిక వైద్యుని చూపవలెను. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ సాంకేతిక పరికరముల మితిమీరిన వాడుకకై 2014లోనే ప్రత్యేక చికిత్సా విభాగమును నెలకొల్పినది. కేంద్ర ప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అది ఉచితము, రేయింబవళ్ళు లభించును; తెలుగునను మాటాడుదురు. ఆపదలోనున్న పిల్లల సహాయమునకు 1098 అను సంఖ్య కలదు.

మనోవ్యాధికి వైద్యము చేయించుట కులమునకు తలవంపని తలచువారు ఇంకను కలరు. జ్వరమునకు మందు వాడుచు స్వామికి మ్రొక్కుకొను భక్తుడు అందు వైరుధ్యమును చూడడు. మనస్సునకు కలిగిన జ్వరమునకును అదియే న్యాయము. మ్రొక్కును చెల్లింపవలెను, మందును వాడవలెను. దిగులుతోనున్న బిడ్డకు భక్తి లేదని నిందించుట భక్తిని బిడ్డకు దూరము చేయుటయే.

కొండమీద లభించు పాఠము

తిరుమల ఆలయములోనికి సెల్‌ఫోనులు కొనిపోరాదను నియమము కలదు. దర్శనార్థులు వాటిని డిపాజిట్ కౌంటరునందు అప్పగించి, చీటీ తీసికొని, క్యూ కాంప్లెక్సులోనికి పోవుదురు. ఆ చీటీ తీసికొన్న క్షణమునుండి కొన్ని గంటలు సంసారమంతయు ఫోను లేక ఒకేచోట కూర్చుండును. సంవత్సరమున మరెన్నడును ఇట్టి అవకాశము రాని కుటుంబములు ఎన్నియో. మొదటి అరగంట పిల్లలు జేబులు తడుముకొందురు, పెద్దలును తడుముకొందురు. పిదప నెమ్మదిగా మాటలు మొదలగును. ప్రక్కవారి ఊరేదియో తెలియును, తాతగారి చిన్ననాటి యాత్ర వినబడును, అన్నప్రసాదము వచ్చును, ఎవరో గోవిందనామము నెత్తుకొందురు. ఈ గంటలను విసుగుగా గడుపక, బిడ్డ మనస్సులోని మాటను వినుటకు వినియోగించుకొన్న తల్లిదండ్రులకు యాత్రాఫలము రెట్టింపగును. అలిపిరినుండి 3,550 మెట్లను బిడ్డతో కలిసి ఎక్కుటయు అట్టిదే. ఎదురుగా కూర్చుండి అడిగిన చెప్పని మాటలను, ప్రక్కప్రక్కన నడచునపుడు పిల్లలు తామే చెప్పుదురు.

కౌమారమునకు స్నేహితులే లోకము. ఆ సత్యమును గోదాదేవి ఎరుగును. ఆమె అనుగ్రహించిన తిరుప్పావై ముప్పది పాశురములలో కన్యలు ఒకరినొకరు నిద్రలేపుచు, కలిసి స్వామి సన్నిధికి పోవుట వర్ణింపబడినది. ఒంటరిగా మేలుకొని వ్రతము చేసినట్లు కాక, నిద్రించుచున్న చెలి వాకిట నిలిచి పిలుచుటయే అందలి సౌందర్యము. ధనుర్మాసమున తిరుమల శ్రీవారికి సుప్రభాతమునకు బదులు తిరుప్పావై వినిపింపబడును. దినమునకు ఒక పాశురముగా నెల దినములు నలుగురు పిల్లలు ఒకచోట చేరి నేర్చినచో, అర్ధరాత్రి మేలుకొను అలవాటు తెల్లవారుజామున మేలుకొను అలవాటుగా మారుటకు దారి ఏర్పడును. బలవంతముగా చేయించినచో అదియు మరియొక త్రాడు మాత్రమే యగును. స్నేహితులతో కూడినచో ఆటయగును.

మద్దిచెట్లు

దామోదర లీల త్రాటితో ముగియలేదు. రోటికి కట్టబడిన స్వామి దానిని ఈడ్చుకొనుచు రెండు మద్దిచెట్ల నడుమకు పోయెను. ఆ చెట్లు కుబేరుని కుమారులైన నలకూబర మణిగ్రీవులు. ఐశ్వర్యమదమున, పానమదమున మునిగి, నారద మహర్షి ఎదుటికి వచ్చినను గుర్తింపలేనివారైరి. పెద్దలు వచ్చినను తలయెత్తి చూడని ఆ యువకులను మహర్షి చెట్లు కమ్మని శపించెను. కాని పూర్వస్మృతి వారికి నిలిచియుండునట్లును, స్వామి సాన్నిధ్యమున విముక్తి కలుగునట్లును అనుగ్రహించెను. శాపములోనే దారిని విడిచిన దయ అది.

గదిలో ఒక మూల కదలక కూర్చుండి, పెద్దలు వచ్చినను తలయెత్తని బాలుని చూచి, వీడింక చెట్టేయని నిరాశ చెందరాదు. లోపల స్మృతి యున్నది. చిన్ననాడు తల్లి ఒడిలో విన్న కథయు, తండ్రి భుజముపైనుండి చూచిన గరుడ వాహనమును, తాతగారు నేర్పిన నామమును అచ్చటనే యున్నవి. త్రాడు పట్టిన తల్లి అలసట ఎంత దూరము పోవునో ఆమెకే తెలియదు. యశోద కట్టినది ఒక్క బాలుని. విడుదలయైనవారు మరి యిద్దరు. ఒక యింట తల్లిదండ్రులు తలయెత్తి బిడ్డ ముఖమును చూడ నారంభించినచో, ఆ బిడ్డ స్నేహితుల ఇండ్లకును ఆ వెలుగు ప్రాకును.

కర్రను విడిచి, బిడ్డను విడువక, శ్రమకు వెనుదీయని తల్లిదండ్రులందరికిని తక్కువైన ఆ రెండంగుళములను దామోదరుడు తన కృపచే పూరించుగాక. శ్రీ వేంకటేశ్వరుని కటాక్షమున ప్రతి గృహమునను పిల్లల నిద్ర సుఖమై, మాట నిర్భయమై, మనస్సు ప్రసన్నమై విలసిల్లుగాక.